రాని పార్సిల్

తపాలా కార్యాలయం రెండో అంతస్తులో, మెట్లెక్కి ఎడమవైపు చివరిదాకా వెళితే ఒక గది ఉండేది. తలుపు మీద 'తనిఖీ' అని మాత్రం రాసి ఉండేది. దేని తనిఖీ అని బయటివాళ్ళు అడిగేవారు కాదు, లోపలివాళ్ళు చెప్పేవారు కాదు. రెండు బల్లలు, ఒక ఇనప బీరువా, మూలన గోనెసంచీ, అద్దాల అడ్డుగోడ అవతల సూపరింటెండెంటు కుర్చీ. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా కథ ఇది.

అప్పటికి అతనికి ముప్ఫై ఒకటో ఏడు. నెమ్మదస్తుడు, ఒకరి జోలికి పోయే మనిషి కాదు. అక్షరాలు అచ్చు గుద్దినట్టు రాస్తాడని ఆఫీసులో పేరు. ఆ చేతిరాత చూసే అతన్ని ఆ గదిలో వేశారు.

ఆ రోజుల్లో గర్భం రాకుండా వాడే వస్తువుల్ని, వాటి గురించి చెప్పే పుస్తకాల్ని తపాలాలో పంపడం నేరం. చట్టంలో వాటినీ బూతుబొమ్మల్నీ ఒకే వాక్యంలో కలిపేసి రాశారు. అనుమానం వచ్చిన ప్రతి పార్సిలూ, ప్రతి ఉత్తరమూ ఆ గదికి వచ్చేది. పురికొస కత్తిరించి, కాగితం విప్పి, లోపలున్నదేమిటో చూసి, రిజిస్టరులో ఎక్కించి, వస్తువును గోనెసంచీలో పడేయాలి. తరువాత అందుకోవలసిన మనిషికి ఒక నోటీసు పంపాలి. మీ పేర వచ్చిన అశ్లీల వస్తువును స్వాధీనం చేసుకున్నాం, మళ్ళీ తెప్పించుకుంటే శిక్ష పడుతుంది, అని దాని సారాంశం. నెలకోసారి సంచీని కింద బాయిలరు గదికి మోయించి కాల్చేవారు.

రెండో బల్ల దగ్గరుండే అతన్ని అందరూ రేడియో అనేవారు. ఆ గదిలో తెరిచిన ఉత్తరాల్లో సగం అతను పైకి చదివేవాడు. నాకు ఆరుగురు పిల్లలు, మా ఆయన మాట వినడు అని ఏ ఇల్లాలైనా రాసుకుంటే, గొంతు సన్నం చేసి అచ్చం ఆ ఇల్లాలిలాగే చదివి, "వినకపోతే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలమ్మా, వీళ్ళకి రాస్తే ఏం లాభం" అనేవాడు. అద్దం వెనక సూపరింటెండెంటు భుజాలు కదిలేవి. గుమాస్తా పగలబడి నవ్వేవాడు కాదు. అలాగని నవ్వకుండా ఉండేవాడూ కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. సంచీలో పడ్డవన్నీ బాయిలరు దాకా వెళ్ళేవి కావు. మగవాళ్ళు వాడే తొడుగుల పొట్లాలు దారిలోనే మాయమయ్యేవి. "కాలిపోయేదాన్ని కాపురానికి వాడుకుంటే సర్కారు సొమ్మేం పోయింది" అనేవాడు రేడియో. గుమాస్తా కూడా తీసుకునేవాడు. ఒకటో రెండో పొట్లాలు, కోటు లోపలి జేబులో. ఎక్కడివని భార్య అడగలేదు. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. మూడో కాన్పు మాట ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

అతనికి ఒక అక్క ఉంది. అతనికన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు. అక్క బట్టలు కుట్టి అతన్ని పెంచింది. నల్ల గుడ్డ మీద కొలతలు గీసే సుద్దముక్కతో, ఆ గుడ్డ మీదే అతనికి అక్షరాలు దిద్దించింది. అతని చేతిరాత నిజానికి ఆమె చేతిరాతే. ఇప్పుడు ఆమె భర్తతో, నలుగురు పిల్లలతో, అదే ఊళ్ళో రెండు వీధులవతల రెండు గదుల ఇంట్లో ఉండేది. బావ వడ్రంగి. మాట తక్కువ, మంచివాడు. వీధివైపు గదిలో అక్క కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫారాలు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళ కోట్లు కుట్టేది. ఆమె తీసిన కాజా ఎంత ఉతికినా పోగు లేచేది కాదని చెప్పుకునేవారు.

నాలుగో కాన్పులో ఆమెకు మూర్ఛలు వచ్చాయి. రక్తపోటు పెరిగిపోయి రెండు రోజులు తెలివి లేదు. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి నర్సు, "ఇంకో కాన్పు మాత్రం పెట్టుకోకు, ప్రాణం మీదికొస్తుంది" అంది. పెట్టుకోకుండా ఎలా ఉండాలి అని అక్క అడిగితే, "ఆ మాట మీ ఆయన్ని అడుగు" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇవన్నీ గుమాస్తాకు తెలుసు. మూర్ఛల సంగతి తెలుసు, నర్సు చెప్పిందీ తెలుసు. ఆ తరువాత అక్కా బావా ఏం చేస్తున్నారన్నది మాత్రం అతను ఆలోచించలేదు. అక్క గురించి తమ్ముడు ఆలోచించే విషయం కాదది.

ఒక మంగళవారం ఉదయం అతని బల్ల మీదికి చిన్న అట్టపెట్టె వచ్చింది. దారిలో ఒక మూల నలిగి చిరిగింది. పైన 'కుట్టు సామాను' అని రాసి ఉంది. చిరుగులోంచి రబ్బరు కనిపించిందని కిందివాళ్ళు పైకి పంపారు. అతను చిరునామా చూడకుండానే పురికొస కత్తిరించాడు. లోపల సన్నటి తీగ అంచుతో, పల్చటి గిన్నెలా ఉన్న రబ్బరు బిళ్ళ, ఒక మందు గొట్టం, నాలుగు పేజీల చిన్న పుస్తకం, ఒక ఉత్తరం ఉన్నాయి. గర్భం రాకుండా ఆడవాళ్ళు లోపల పెట్టుకునే అలాంటి బిళ్ళలు అతను డజన్లకొద్దీ చూశాడు. ఉత్తరం విప్పాడు. పక్క పట్నంలో ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ రాసింది.

'ఆ రోజు మీరు అంత దూరం రైల్లో వచ్చినా మీ కొలతకు సరిపోయేది మా దగ్గర లేకపోయింది. ఇప్పుడు వచ్చింది, పంపుతున్నాను. వాడే పద్ధతి మీకు చూపించాను గదా, అనుమానముంటే పుస్తకం చూడండి. మీ తమ్ముడు తపాలా ఆఫీసులోనే పనిచేస్తాడని, అతనికి తెలిస్తే తలెత్తుకోలేనని చెప్పారు. అందుకే పైన కుట్టు సామాను అని రాయించాను.'

అప్పుడు చిరునామా చూశాడు. అక్క పేరు, అక్క వీధి, ఇంటి నంబరు పద్నాలుగు.

అతని చెవులు వేడెక్కాయి. కాగితం మడిచాడు. రేడియో తల ఎత్తి, "ఏంటోయ్, ఏదన్నా విశేషమా? చదువు, పొద్దున్నుంచీ చప్పగా ఉంది" అన్నాడు.

"ఏం లేదు. మామూలుదే."

ఆ పెట్టెను కోటు జేబులో వేసుకోవడం ఎంతసేపు? అంతకు ముందు వారమే ఒక పొట్లం వేసుకున్నాడు. సాయంత్రం వెళుతూ అక్క గుమ్మం దగ్గర పెట్టి రావచ్చు. కానీ పెట్టె తెరిచి ఉంది, ఎవరో చూశారని అక్కకు తెలుస్తుంది. ఎవరు తెచ్చిపెట్టారని ఆలోచిస్తుంది. ఆమె ముఖం, తన ముఖం, మధ్యలో ఆ వస్తువు. ఆ ఊహకే అతనికి చచ్చేంత సిగ్గేసింది. తనకు అన్నం కలిపి పెట్టిన మనిషి ఒంటి సంగతి తనకు తెలిసిపోయిందన్నదే అతనికి భరించరానిదిగా తోచింది. తెలియనట్టు ఉండిపోవాలంటే ఒకటే దారి. అందరి పార్సిళ్ళకూ ఏం చేస్తాడో దానికీ అదే చేయడం.

రిజిస్టరులో ఎక్కించాడు. ఇంటి నంబరు దగ్గర అతని చేయి ఆగింది. నోటీసు వెళితే అక్క తన రాత గుర్తుపడుతుంది. పద్నాలుగుకు బదులు నలభై ఒకటి అని రాశాడు. ఆ వీధిలో ఇరవై ఇళ్ళే ఉన్నాయి. నోటీసులో కూడా నలభై ఒకటే రాశాడు. పెట్టెను సంచీలో వేశాడు. నాలుగు రోజులకు నోటీసు 'ఇటువంటి చిరునామా లేదు' అన్న ముద్రతో తిరిగొచ్చింది. దాన్ని ఫైలులో పెట్టాడు.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం అతను అక్క ఇంటికి వెళ్ళాడు. పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు. బావ పనిముట్లకు పదును పెట్టుకుంటూ పెరట్లో ఉన్నాడు. అక్క మిషను మీద నుంచి లేవకుండానే, "కూర్చోరా" అంది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, సూదిలో దారం ఎక్కిస్తూ, అతనివైపు చూడకుండా అడిగింది.

"ఒరేయ్, పక్క పట్నం నుంచి పార్సిల్ రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏం పార్సిల్?"

"కుట్టు సామానే. ఒకళ్ళకి చెప్పి పంపమన్నాను. పంపామని కార్డు రాశారు. ఇంకా రాలేదు."

గుమాస్తా గ్లాసులో ఉన్న టీ చూశాడు.

"ఒక్కోసారి ఆలస్యం అవుతుందక్కా. సంచులు కలిసిపోతాయి. నెల, నెలన్నర కూడా పడుతుంది."

"అంటే వస్తుందంటావా?"

"వస్తుందిలే."

"నువ్వక్కడే కదా, కాస్త కనుక్కోరాదూ."

"నాది వేరే సెక్షన్. చూస్తాలే."

"సరే, అంత తొందరేం లేదులే" అంది అక్క. ఆమె మెడ ఎర్రబడటం అతను చూశాడు. మాట మార్చి పిల్లల చదువు గురించి అడిగాడు. ఇంటికి నడుస్తూ, పెద్ద గండం గడిచిందనుకున్నాడు. ఆ అనుకోవడం గుర్తొచ్చినప్పుడల్లా తరువాత జీవితమంతా అతనికి ఒళ్ళు చచ్చుబడేది.

అక్క ఎదురుచూసింది. బావకు విషయం చెప్పి, వచ్చేదాకా దూరంగా ఉందామంది. అతనూ సరేనన్నాడు. పడుకునేది ఒకటే గదిలో, ఒకటే మంచం మీద. దూరం ఎన్నాళ్ళు నిలుస్తుంది? రెండు నెలలు నిలిచింది.

ఆమె మళ్ళీ కడుపుతో ఉందని గుమాస్తాకు భార్య చెప్పింది. "మీ అక్కకి మళ్ళీ నెల తప్పిందట. అంత ప్రమాదమని తెలిసి కూడా, కాస్తయినా జాగ్రత్తుండక్కర్లా" అంది. అతను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. కడుపులో బాగోలేదన్నాడు.

ఆ ఏడు నెలలూ అతను ఆ ఇంటికి మూడుసార్లు మాత్రమే వెళ్ళాడు. పని ఎక్కువగా ఉందని చెప్పేవాడు. వెళ్ళినప్పుడు అక్క కాళ్ళు చూసేవాడు, ముఖం చూసేవాడు కాదు. కాళ్ళు మొద్దుల్లా వాచి ఉండేవి. "ఏంటిరా, నేనేదో తప్పు చేసినట్టు తల వంచుక్కూర్చుంటావు" అని ఆమె ఒకసారి నవ్వింది. నిజానికి తప్పు తనదేనని ఆమె అనుకుంటోంది. జాగ్రత్తగా ఉండలేకపోయానని, తమ్ముడు కూడా తనను అసహ్యించుకుంటున్నాడని ఆమె అనుకుంటోందని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎనిమిదో నెల చివర మూర్ఛలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో బిడ్డను బయటికి తీశారు. ఆడపిల్ల, గుప్పెడంత ఉంది, బతికింది. అక్క కూడా బతికింది. మూడో రోజు కళ్ళు తెరిచి, బిడ్డను అందుకోబోతే కుడిచేయి లేవలేదు. వేళ్ళు పట్టుకు చూస్తే తడి గుడ్డలా వేలాడాయి. మెదడులో నరం చిట్లిందనీ, కొంత తిరిగి రావచ్చుననీ, పూర్తిగా మాత్రం ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడు. బావ వరండాలో బల్ల మీద కూర్చుని రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. గుమాస్తా అతని పక్కన కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నాదే తప్పు బావా" అన్నాడు బావతో, చెప్పేద్దామనుకుని.

"నీదేముందిలే తమ్ముడూ. మొగుణ్ణి నేను" అన్నాడు బావ. గుమాస్తా నోరు మళ్ళీ మూతపడింది.

బిడ్డకు తొమ్మిదో నెల వచ్చేసరికి అక్క నిలబడి ఇంట్లో తిరుగుతోంది. చేయి మోచేతి దాకా కదులుతోంది, వేళ్ళు కదలవు. మిషను మీద గుడ్డ కప్పేశారు. పెద్దకూతురు బడి మానేసి గుండీలు కుట్టడం నేర్చుకుంది. అలాంటప్పుడు ఆ డాక్టరమ్మ ఎలాగో విని వాళ్ళింటికి వచ్చింది. పంపిన పార్సిల్ అందలేదని తెలిసి తెల్లబోయింది. పంపిన రసీదు ఆమె దగ్గరుంది.

ఆమె వెళ్ళాక అక్క తమ్ముణ్ణి పిలిపించింది. ఈసారి కుట్టు సామాను అనలేదు. ఎదురుగా కుర్చీ చూపించి, ఏం తెప్పించుకుందో, ఎందుకు తెప్పించుకుందో సూటిగా చెప్పింది. గుమాస్తా నేలవైపు చూస్తూ కూర్చున్నాడు.

"సిగ్గుపడతావేంట్రా. నేను పడాల్సిన సిగ్గంతా పడి అయిపోయింది" అంది అక్క. "నాకర్థం కానిదొకటే. ఆపేస్తే నోటీసు వస్తుందట. డాక్టరమ్మ దగ్గర అలాంటి నోటీసులు కట్టలు కట్టలున్నాయి, అందరూ తెచ్చిచ్చారు. నాకెందుకు రాలేదు? వచ్చుంటే ఆ మర్నాడే రైలెక్కి వెళ్ళి తెచ్చుకునేదాన్ని. వస్తుందని కూర్చున్నాను. నువ్వు కూడా వస్తుందన్నావు."

ఉయ్యాల్లో పిల్ల నిద్రలో ముక్కు ఎగబీల్చింది.

"నోటీసు నేనే రాశానక్కా" అన్నాడు గుమాస్తా. "ఇంటి నంబరు మార్చి రాశాను."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాడు. పెట్టె, ఉత్తరం, సంచీ, తన రాత గుర్తుపడుతుందన్న భయం, ఆ ఆదివారం అబద్ధం, అన్నీ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. అక్క ఏడవలేదు. ఎడమచేత్తో చచ్చుబడ్డ చేయి ఎత్తి ఒళ్ళో సరిగ్గా పెట్టుకుంది.

"ఎందుకురా?" అంది చివరికి.

"సిగ్గేసింది."

"ఎవరి గురించి?"

అతను కోటు చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"పార్సిల్ ఆపావు. అది నీ ఉద్యోగం, నీ కడుపు తిప్పలు, పోనీ అనుకుంటాను. కానీ నేను అడిగాను కదరా. ఇదే గదిలో, నా అంతట నేను నోరు తెరిచి అడిగాను. అప్పుడు రాదక్కా అని ఒక్క మాట అనుంటే చాలు. ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు."

"తెలుసక్కా."

"నాకు చెప్పేసి నువ్వు తేలికపడ్డావు. నాకేం ఒరిగింది?" అంది. తరువాత, "వెళ్ళు. ఇప్పుడు నిన్ను చూడలేను" అంది.

నెల తరువాత ఆమె దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఆ చట్టం ఉంచాలా తీసేయాలా అని తేల్చడానికి ప్రభుత్వం అయిదుగురితో కమిటీ వేసింది. డాక్టరమ్మా, ఆమెతో కలిసి పనిచేసే ఆడవాళ్ళూ ఊరూరా సంతకాలు పట్టి, రెండేళ్ళు తిరిగితే వేసిన కమిటీ అది. మునిసిపల్ హాల్లో అందరి ముందూ వాంగ్మూలాలు తీసుకుంటారు. 'నాకు చెప్పింది అక్కడ చెప్పు' అని మాత్రమే చీటీలో ఉంది. పెద్దకూతురి చేత రాయించింది.

గుమాస్తా పేరు ఇచ్చాడు. సూపరింటెండెంటు పిలిచి, "ఇల్లూ వాకిలీ ఉన్నవాడివి, ఎందుకు కొరివితో తల గోక్కుంటావు" అన్నాడు. రేడియో ఆ రోజు ఏ ఉత్తరమూ పైకి చదవలేదు.

హాలు కిక్కిరిసి ఉంది. కమిటీ పెద్ద రిటైరైన జడ్జి. పక్కన ఒక బడి హెడ్మిస్ట్రెస్, ఇద్దరు డాక్టర్లు, ఒక వ్యాపారి. మూడో వరసలో అక్క కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్లతో. వెనక తలుపు దగ్గర రేడియో కూడా ఉన్నాడు. గుమాస్తా రాసుకొచ్చిన కాగితం చదివాడు. ఫలానా నెలలో ఒక చిరునామాదారుకు వచ్చిన పార్సిల్ స్వాధీనం చేసుకున్నాననీ, నోటీసు తప్పు చిరునామాకు పంపాననీ, ఆ చిరునామాదారు అందువల్ల ఆరోగ్యం కోల్పోయిందనీ చదివాడు. మాటలన్నీ ఆఫీసు మాటలే.

"చిరునామా ఎందుకు తప్పు రాశారు? పొరపాటా?" అన్నాడు జడ్జి.

"పొరపాటు కాదండీ."

"మరి?"

"ఆ చిరునామాదారు నాకు తెలుసు."

"తెలుసంటే?"

గుమాస్తా నీళ్ళు నమిలాడు. మూడో వరసలోంచి అక్క గొంతు నెమ్మదిగా, కానీ అందరికీ వినబడేలా వచ్చింది. "అక్క అని చెప్పు."

"మా అక్కండీ" అన్నాడు.

హాల్లో గుసగుసలు రేగి ఆగాయి. హెడ్మిస్ట్రెస్ ముందుకు వంగింది. ఆమె గొంతులో కోపం లేదు.

"మీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు."

"పెళ్ళై ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"రెండో బిడ్డకు ఎన్నేళ్ళు?"

"ఆరు."

"ఈ ఆరేళ్ళూ మీ ఇంట్లో ఏం వాడారు?"

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. అక్కకు కూడా ఈ సంగతి చెప్పలేదు. నవ్వులాటకు అడిగింది కాదని హెడ్మిస్ట్రెస్ కళ్ళు చూస్తే తెలుస్తోంది. బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆఫీసులో పట్టుకున్నవేనండీ. సంచీలోంచి తీసుకునేవాణ్ణి."

ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. అక్కవైపు చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. పిల్ల తలమీద కుచ్చుటోపీ ముడి విప్పి, ఒంటిచేత్తో మళ్ళీ ముడి వేయడానికి ప్రయత్నిస్తోంది. అంతకు ముందు ఆమె ముఖంలో ఉన్నది కోపం. ఇప్పుడున్నది అది కాదు. ఎవరో పరాయి మనిషి సంగతి వింటున్నట్టు ఉంది.

బయటికొచ్చాక వాళ్ళిద్దరూ బస్సు దాకా నడిచారు. బస్సు మెట్లు ఎత్తుగా ఉన్నాయి. ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుంటే పిల్లను ఎత్తుకోవడానికి చేయి లేదు. అక్క ఒక్క క్షణం ఆగి, పిల్లను అతని చేతుల్లో పెట్టి ఎక్కింది. పుట్టిన పదినెలల్లో అతను ఆ పిల్లను ఎత్తుకోవడం అదే మొదలు. ఎక్కి కూర్చున్నాక ఆమె పిల్లను తిరిగి తీసుకుంది. థాంక్స్ లాంటి మాటేమీ అనలేదు, అతనూ ఆశించలేదు.

మర్నాడు పత్రికల్లో అంతా వచ్చింది. అతన్ని మూడు నెలలు సస్పెండు చేసి, హోదా తగ్గించి, కింద సంచులు విడదీసే హాల్లో వేశారు. ఆ గదిలో అందరినీ విచారించి రేడియోకు జీతంలో కోత పెట్టారు. "నువ్వు మునిగేది మునిగి నన్నెందుకురా లాగావు" అని తిట్టాడు. వారం తరువాత మెట్ల దగ్గర ఆపి, ముఖం అటు తిప్పుకుని, "మా ఆవిడ ఆ డాక్టరమ్మ అడ్రసు కనుక్కోమంది" అన్నాడు. గుమాస్తా భార్య అతనితో పదిరోజులు మాట్లాడలేదు. వాడినందుకు కాదు. "అవి ఎక్కడివో తెలిసుంటే మీ అక్కకి నేనే ఇచ్చేదాన్ని కదా, ఆడదాన్ని, నాకేం సిగ్గు" అంది. ఆ మాట అతనికి అన్నిటికన్నా లోతుగా దిగింది.

చట్టం వెంటనే మారలేదు. కమిటీ ఏడాది తరువాత నివేదిక ఇచ్చింది, ఇంకో మూడేళ్ళు అది ఎవరి బల్ల మీదో పడి ఉంది. డాక్టరమ్మను ఒకసారి అరెస్టు చేసి వదిలేశారు. చివరికి ఆ వాక్యంలోంచి నాలుగు మాటలు కొట్టేశారు. డాక్టర్లు రాసిస్తే తెప్పించుకోవచ్చన్నారు. ఊళ్ళో చెప్పుల దుకాణం మీద అద్దెగదిలో చిన్న ఆసుపత్రి తెరిచారు. వారానికి రెండు రోజులు అక్క అక్కడ కూర్చునేది. లోపలికి రావడానికి మొహమాటపడి మెట్ల మీదే నిలబడిపోయే ఆడవాళ్ళను పిలిచి కూర్చోబెట్టడం ఆమె పని. మిగతా రోజులు ఎడమచేత్తో గుడ్డ కత్తిరించేది, పెద్దకూతురు కుట్టేది. అలవాటుపడ్డా వంకరగానే తెగేది, చూసి తిట్టుకునేది.

గుమాస్తా ఆదివారాలు వెళ్ళేవాడు. వెళ్ళొద్దని ఆమె అనలేదు, క్షమించానని కూడా ఎప్పుడూ అనలేదు. గుడ్డ కదలకుండా పట్టుకోవడం, పెద్ద కత్తెరకు సాన పట్టించుకు రావడం లాంటి పనులు చెప్పేది. చేసేవాడు.

చిన్నపిల్లకు పదకొండో ఏడు వచ్చాక ఒక మధ్యాహ్నం, బడి నుంచి నేరుగా, తపాలా ఆఫీసు వెనక గేటు దగ్గరికి వచ్చింది. అతను టీ తాగడానికి బయటికొచ్చాడు. పిల్ల పుస్తకాల సంచీ రెండు చేతులతో కడుపుకు అదుముకుని ఉంది.

"మామయ్యా, నిన్నొకటి అడగాలి. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ళమ్మ చెప్పిందట. నువ్వు పేపర్లో పడ్డావట. నేను వద్దనుకున్న పిల్లనట. నిజమేనా?"

గుమాస్తా టీ గ్లాసు గోడ మీద పెట్టాడు. ఆ రోజు హాల్లో నిలబడి చెప్పినప్పుడు, మూడో వరసలో టోపీ పెట్టుకుని కూర్చున్న ఈ మనిషి ఒకనాడు వింటుందని అతనికి తట్టనే లేదు. ఆ సిగ్గు కొత్తది. ఇన్నేళ్ళ తరువాత కూడా కొత్తది ఒకటి మిగిలి ఉందని అతను అనుకోలేదు.

"పేపర్లో పడ్డది నిజమే" అన్నాడు. గేటు పక్క అరుగు మీద కూర్చుని, పిల్లను కూర్చోబెట్టుకుని, మొత్తం చెప్పాడు. పిల్లకు అర్థమయ్యే మాటల్లోనే, కానీ దేన్నీ దాటెయ్యకుండా.

పిల్ల విని, లెక్క చేస్తున్నట్టు కళ్ళు చిట్లించింది. "అయితే ఆ పార్సిల్ అమ్మకి అంది ఉంటే నేను పుట్టేదాన్ని కాదు."

"అవును."

"అమ్మ చెయ్యి బాగుండేది."

"బాగుండేది."

"నువ్వు చెడ్డపని చేశావు కాబట్టి నేనున్నాను."

"నేను చేసింది చెడ్డపనే. నీకూ దానికీ సంబంధం లేదు. మీ అమ్మ వద్దనుకుంది చావు. నువ్వెవరో అప్పటికి ఎవరికీ తెలీదు" అన్నాడు. సరిగ్గా చెప్పానో లేదో అని పిల్ల ముఖం చూశాడు. ఆమె ఏడవలేదు. చెప్పు చివరతో మట్టి గీరుతోంది.

"నేనడిగానని అమ్మకి చెప్పకు మామయ్యా. బాధపడుతుంది."

గుమాస్తా ఒప్పుకోబోయాడు. సరే అనడం ఎంత తేలిక.

"అలా మాటివ్వలేనే తల్లీ" అన్నాడు. "దాచడం వల్లే ఇంతా అయింది. పద, ఇద్దరం వెళదాం. నువ్వడిగింది నువ్వు అడుగు, నేను చెప్పింది నేను చెప్తాను. తిడితే నన్నే తిడుతుంది."

పిల్ల కాస్త ఆలోచించి సంచీ భుజానికి తగిలించుకుంది. అతను లోపలికెళ్ళి పై అధికారికి చెప్పి, కోటు తీసుకుని వచ్చాడు. చెప్పుల దుకాణం దాకా ఇద్దరూ నడిచారు. మెట్ల మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మగమనిషిని చూసి తలలు తిప్పుకున్నారు, ఒకావిడ కొంగుతో సగం ముఖం కప్పుకుంది. గుమాస్తా కూడా తల వంచుకుని, వాళ్ళను తగలకుండా గోడవారగా ఎక్కాడు. పైన గుమ్మంలో అక్క ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి ఉంది. కూతుర్నీ తమ్ముణ్ణీ కలిపి చూసి మాట ఆపింది.

"ఏమైంది?" అంది, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ.

పిల్ల మామయ్యవైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె సంచీ కింద పెట్టి అడగడం మొదలుపెట్టింది.